హేస్ వ్యాలీ: ఫ్రీవే కూలగొట్టాక ఎలా ఉందంటే

బే ఏరియాకి వచ్చిన అమ్మానాన్నల్ని అందరూ గోల్డెన్ గేట్, లాంబార్డ్ స్ట్రీట్ చూపించేసి వెనక్కి తీసుకొచ్చేస్తారు, నన్నడిగితే శాన్ ఫ్రాన్సిస్కోలో హేస్ వ్యాలీకి ఒక పూట ఇవ్వండి. ఇప్పుడు పిల్లలు ఆడుకునే పేట్రీషియాస్ గ్రీన్ పార్క్ ఉంది చూశారా, సరిగ్గా అక్కడే 1959 నుంచి సెంట్రల్ ఫ్రీవే అనే ఫ్లైఓవర్ లాంటి హైవే నెత్తిమీద పోయేది, కింద చీకటి, రాత్రయితే డ్రగ్స్ బేరాలు. 1989 భూకంపానికి అది దెబ్బతింది. కూల్చాలా మళ్ళీ కట్టాలా అని ఊరంతా ఓట్లేసుకున్నారు, 1997లో కట్టండన్నారు, 1998లో వద్దన్నారు, 1999లో వద్దే వద్దన్నారు! (మన ఊళ్ళో ఫ్లైఓవర్ కి ఓటు అడగడం ఊహించుకోండి.) చివరికి 2005లో ఆక్టేవియా బూలేవార్డ్ తెరిచారు, మధ్యలో దూరం పోయే కార్లకి లేన్లు, అటూ ఇటూ చెట్లు, ఆ పక్కన ఇళ్ళవాళ్ళకి మెల్లగా వెళ్ళే సందులాంటి రోడ్డు.

పార్క్ బాగుంది, చిన్నది. పేరు ఆ ఫ్రీవే మీద పోరాడిన పేట్రీషియా వాకప్ అనే ఆవిడది. పక్కనే ఖాళీ స్థలంలో షిప్పింగ్ కంటైనర్లు పెట్టి కాఫీ, బీర్ అమ్ముతారు, కాఫీ బాగుంది, రేటు మాత్రం గుండె దడ. హేస్ స్ట్రీట్ షాపులు చూడ్డానికే, కొనడానికి కాదు. ఫ్రీవే నీడలో చవగ్గా అద్దెకున్నవాళ్ళు ఇప్పుడు ఇక్కడ ఇల్లు చూసుకోగలరా అంటే కష్టమే. ఫ్రీవే స్థలాల్లో కొన్ని తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకి ఇచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

అయితే ట్రాఫిక్ మాయమైపోయిందనుకోకండి, మార్కెట్ స్ట్రీట్ దగ్గర ఫ్రీవే ఇంకా దిగుతూనే ఉంది, సాయంత్రం ఆక్టేవియా మీద కార్ల క్యూ చూస్తే నీరసం వస్తుంది. మార్కెట్ మీద తూర్పుకి వస్తూ కుడికి తిరిగి ఫ్రీవే ఎక్కడం నిషేధం, కారేసుకెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. అసలు కారే వద్దు, ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో సివిక్ సెంటర్ స్టేషన్లో దిగి నడిచేయొచ్చు, చీకటి పడ్డాక ఆ స్టేషన్ చుట్టుపక్కల కొంచెం చూసుకోవాలి.

రాత్రి ఉండాలంటే ఇక్కడి పాత చిన్న ఇన్ లు ఇద్దరికి ఓకే, కొన్నింట్లో బాత్రూం అందరికీ ఒకటే, పెద్దవాళ్ళు ఉంటే ముందే అడగండి. ఫ్యామిలీ అంతా ఉంటే నా ఓటు ఊళ్ళోనే నీటి ఒడ్డున ఉన్న ఎంబార్కడెరోకి, అక్కడా ఫ్రీవేని 1991లో కూల్చేసి సముద్రం వైపు తెరిచేశారు, ఫెర్రీ బిల్డింగ్ లో శనివారం రైతు బజార్ కి వెళ్తే తాతయ్యలకి కూడా కాలక్షేపం.