ఎక్కడ ఏ టైల్ నిలిచింది: చెన్నై ఇంట్లో తొమ్మిదేళ్ల వాడకం

ఇది వేళచ్చేరిలో ఉన్న రెండంతస్తుల ఇంటి లెక్క. టైల్స్ అన్నీ 2016లో వేసినవి. హాల్లో, పడక గదుల్లో రెండడుగుల డబుల్ చార్జ్ విట్రిఫైడ్, అంటే నీరు దాదాపు పీల్చని, పైన మందపాటి రంగు పొర ఉన్న రకం. వంటింటి నేలకి మ్యాట్ (మెరుపు లేని) విట్రిఫైడ్. బాత్‌రూముల్లో గోడకి సిరామిక్, నేలకి అడుగు చదరం మ్యాట్. పూజగదిలో చేత్తో చేసే ఆత్తంగుడి సిమెంటు టైల్స్. వాకిట్లో పార్కింగ్ టైల్స్, డాబా మీద ఎండ వేడిని తగ్గించే తెల్ల కూల్ రూఫ్ టైల్స్. తొమ్మిదేళ్లు తిరిగేసరికి కొన్ని నిన్న వేసినట్టే ఉన్నాయి, కొన్నిటిని పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది. పీకినప్పుడు అడుగున చూస్తే కారణం చాలాసార్లు టైల్‌లో లేదు. వేసిన తీరులో ఉంది, లేదంటే ఆ చోట పడే నీళ్లకీ ఎండకీ ఆ రకం సరిపోకపోవడంలో ఉంది.

షాపులో అందరూ టైల్ ముఖం చూసి మురిసిపోతారు. ముందు దాన్ని తిరగేసి వెనక వైపు చెంచాడు నీళ్లు పోయండి. రెండు నిమిషాలయ్యాక గుడ్డతో తుడిస్తే మచ్చ లేకుండా పోయిందా, అది విట్రిఫైడ్. చూస్తుండగానే ఇంకిపోయిందా, అది గోడ టైల్. విట్రిఫైడ్ రకం పీల్చే నీరు 0.5 శాతం దాటదు. గోడ టైల్స్ 10 శాతం పైనే పీలుస్తాయి. గోడకి అది మంచిదే, పీల్చే గుణం ఉండబట్టే మామూలు సిమెంటుకి గట్టిగా అంటుకుంటాయి. కానీ చవగ్గా వస్తుందని గోడ టైల్‌ని బాల్కనీ నేలకి వేస్తే రెండు వానాకాలాలు కూడా తట్టుకోదు. ఇంకో పరీక్ష కూడా అక్కడే చేసుకోవచ్చు. ఒకే పెట్టెలోంచి రెండు టైల్స్ తీసి ముఖానికి ముఖం ఆనించి పట్టుకోండి. మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు కనిపిస్తే ఆ లాట్ వంగి ఉన్నట్టే. రెండడుగులు బై నాలుగడుగుల పెద్ద టైల్స్‌లో ఈ వంపు ఎక్కువ. అందుకే వాటిని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేయించకూడదు. ఒకదాని మధ్యభాగం పక్కదాని చివర పక్కన పడి అంచు కాలికి తగులుతుంది. మూడో వంతుకి మించకుండా జరపమని మేస్త్రీకి ముందే చెప్పాలి.

లెక్కలో అందరూ పొరపాటు పడే చోటు ఇంకొకటి ఉంది. రెండడుగుల టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లే, రెండడుగులంటే 610. నాలుగు టైల్స్ ఉన్న పెట్టెకి వచ్చేది 15.5 చదరపు అడుగులు, 16 కాదు. 12 బై 14 గదికి 168 అడుగులు, కోతలకీ పగుళ్లకీ 7 శాతం కలిపితే ఇంచుమించు 180, అంటే 12 పెట్టెలు. ఐమూలగా వేయిస్తే పది పన్నెండు శాతం కలుపుకోవాలి. బిల్లులో పెట్టెకి 16 అని వేస్తే అడిగి సరిచేయించుకోండి.

హాల్లో వేసిన డబుల్ చార్జ్ మీద నాకు ఫిర్యాదు లేదు. పైన రంగు పొర మూడు మిల్లీమీటర్ల దాకా మందం ఉంటుంది కాబట్టి మంచం ఈడ్చినా, బీరువా జరిపినా కింద వేరే రంగు బయటపడదు. డిజైన్‌ని పైన అచ్చు వేసి గ్లేజు పూసే రకాలు చూపుకి అందంగా ఉంటాయి. కానీ వాటి మెరుపు రకంలో నడక ఎక్కువగా ఉండే దారి ఐదారేళ్లకే మసకబారుతుంది. డబుల్ చార్జ్‌తో ఇబ్బంది ఒక్కటే, తడి కాలితో అడుగు పెడితే జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్‌రూము గుమ్మం ముందు మూడడుగుల మేర మ్యాట్ వేయించడం మేలు.

ఈ హాల్లోనే నాలుగో ఎండాకాలంలో బాల్కనీ తలుపు దగ్గర ఒక వరస మొత్తం గుడారంలా పైకి లేచింది. చెన్నై అపార్ట్‌మెంట్లలో ఇది తరచూ జరుగుతుంది. పెద్ద చప్పుడుతో లేస్తాయి, జనం భూకంపమని భయపడతారు. కారణం మాత్రం చిన్నది. టైల్‌కీ టైల్‌కీ సందు లేకుండా ఆనించి వేశారు, గోడ దాకా బిగించేశారు. ఎండకి నేల వ్యాకోచించినప్పుడు పక్కకి జరిగే చోటు లేక పైకి లేచాయి. లేచిన టైల్ వెనక వైపు అద్దంలా శుభ్రంగా ఉంది, సిమెంటు పాల మరక కూడా అంటలేదు. నీరు పీల్చని విట్రిఫైడ్‌ని ఉత్త సిమెంటు పాలు పట్టి ఉంచలేవు. మళ్లీ వేసినప్పుడు టైల్స్ మధ్య సందు కోసం 2 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టి, గోడ చుట్టూ 6 నుంచి 8 మిల్లీమీటర్లు వదిలి, ఆ సందు స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కిందికి పోయేలా చేశారు. సిమెంటు పాలకి బదులు అడెసివ్ (టైల్ అంటించే జిగురు) వాడారు. ఆ వరస ఇప్పటికీ కదల్లేదు.

అడెసివ్ సంచి మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 15477 గుర్తూ టైప్ నంబరూ చూసి తీసుకోండి. టైప్ 1 మామూలు సిరామిక్‌కి సరిపోతుంది, విట్రిఫైడ్‌కి టైప్ 2 కన్నా తక్కువ వద్దు. ఆరు మిల్లీమీటర్ల పళ్ల గరిటెతో గీస్తే 20 కిలోల సంచి 40 నుంచి 50 చదరపు అడుగులకి వస్తుంది. నేల మట్టంగా లేకపోతే ఇంకా తగ్గుతుంది. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద పెట్టి అద్దే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. అలా అద్దిన టైల్ కింద గుల్లగా ఉంటుంది, గ్యాస్ సిలిండరు అంచు తగిలితే చాలు పగులుతుంది. వేసిన మూడో రోజున రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ మూలల్లో కొట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చిన వాటికి సుద్దతో గుర్తు పెట్టి, డబ్బు మొత్తం ఇచ్చేలోపే మార్పించుకోండి.

బాత్‌రూము విషయం కాస్త వివరంగా చెప్పాలి, చెన్నైలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది అదే. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆరిన ప్రతి చుక్కా తెల్ల మచ్చ వదులుతుంది. ముదురు రంగు గ్లాసీ టైల్ వేసుకుంటే ఆ మచ్చలు రోజూ పలకరిస్తాయి, లేత బూడిద, గోధుమ రంగు మ్యాట్‌లో కనపడవు. ఆ మచ్చలు పోవాలని అందరూ యాసిడ్ పోస్తారు. యాసిడ్ టైల్‌ని అంతగా ఏమీ చేయకపోయినా సందుల్లోని వైట్ సిమెంటుని తినేస్తుంది. మా కింది బాత్‌రూములో నీళ్లు పోయే జాలీ చుట్టూ ఉన్న సందుల్ని దగ్గరగా చూస్తే సంగతి తెలిసింది. తొలి ఏడాది టైల్‌తో సమానంగా ఉన్న గ్రౌట్ (సందుల్లో నింపే మిశ్రమం) మూడో ఏటికి వేలిగోరు దిగేంత లోతుకి పోయింది, అందులో నల్లటి పాచి. ఐదో ఏటికి ఇంటి వెనక గోడకి బయట వైపు ఉప్పు పొంగు, పెయింటు పొరలు పొరలుగా రాలడం. నీళ్లు టైల్ కింద చేరి గోడ వెంట పాకాయన్నమాట.

పై బాత్‌రూములో ఎపాక్సీ గ్రౌట్ పెట్టారు, అది తొమ్మిదేళ్లకీ అలాగే ఉంది. ఖరీదు మామూలు గ్రౌట్‌కి చాలా రెట్లు ఎక్కువే, అయినా తడి చోట్ల దానికి ప్రత్యామ్నాయం లేదు. రెజిన్, హార్డెనర్, పొడి మూడూ కలిపాక ఇక్కడి వేడికి అరగంటలోనే బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి కిలో చొప్పున కలపమనండి. టైల్ మీద మిగిలిన పొరని వెంటనే తడి స్పాంజితో తుడవాలి. మర్నాటికి వదిలేస్తే జిడ్డు తెరలా అంటుకుని ఒక పట్టాన పోదు. ఉప్పు మచ్చలకి అర లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి రుద్ది, పది నిమిషాలాగి కడిగేస్తే చాలు.

గ్రౌట్ ఎంత మంచిదైనా వాటర్‌ప్రూఫింగ్‌కి అది బదులు కాదు. టైల్ వేయకముందే నేలకీ, గోడకి అడుగు ఎత్తు దాకా, షవర్ దగ్గర ఆరడుగుల దాకా రెండు పూతలు వేయించి, జాలీ మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింది అంతస్తు సీలింగు చూసుకోవాలి. వాలు 80కి 1 ఉండాలి, అంటే ఐదడుగుల బాత్‌రూముకి ముప్పావు అంగుళం. నాలుగు వైపుల నుంచీ జాలీకి వాలు రావాలంటే అడుగు చదరం టైలే వీలు. రెండడుగుల టైల్ వేస్తే మూలల్లో నీళ్లు నిలుస్తాయి.

వంటింట్లో చెప్పేది తక్కువే. మ్యాట్ మరీ గరుకైతే నూనె జిడ్డు పట్టి మాపుకి లొంగదు, నున్నటి మ్యాట్ తీసుకోండి. పొయ్యి వెనక గోడ సందుల్లో వైట్ సిమెంటు వద్దు. పసుపు పడితే తెల్లబడదు.

పూజగది ఆత్తంగుడి టైల్స్ ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. శివగంగ జిల్లాలో కారైకుడి పక్కనున్న ఆత్తంగుడిలో గాజు పలక మీద రంగు పోసి, సిమెంటూ ఇసుకా నింపి చేత్తో చేస్తారు. బట్టీలో కాల్చరు, నీళ్లలో నానబెట్టి గట్టిపరుస్తారు. ఆ గాజు నునుపే టైల్‌కి వస్తుంది. తుడిచేకొద్దీ, నడిచేకొద్దీ మెరుపు పెరుగుతుంది. మొదటి ఆరు నెలలూ వారానికోసారి కొబ్బరినూనె చుక్కలు వేసిన గుడ్డతో తుడిస్తే బాగా పడుతుంది. అయితే ఇది సిమెంటు టైల్. నిమ్మకాయ దీపం నేల మీద పెడితే ఆ రసం పడిన చోట మెరుపు పోయి గుండ్రంగా తెల్ల మచ్చ మిగులుతుంది, ఆ మెరుపు తిరిగి రాదు. ఇత్తడి పళ్లెం తప్పనిసరి. ఫినాయిల్, యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. వాన తగిలే చోట ఈ టైల్ వేయొద్దు.

వాకిట్లో పార్కింగ్ టైల్స్ 12 మిల్లీమీటర్ల మందం, లోతైన గాడులు ఉన్న డిజైను. కారు బరువుకి తట్టుకున్నాయి, వానలో జారవు. కానీ వాకిలి అంటే కారొక్కటే కాదు కదా, ముగ్గు కూడా పడాలి. గరుకు టైల్ మీద గీత సాఫీగా రాదు. పిండి గుంతల్లో దిగి, కడిగినా నిన్నటి ముగ్గు నీడలా ఉండిపోతుంది. మార్గశిరం వచ్చేసరికి నేలంతా తెల్లటి మురికి. గుమ్మం ముందు నాలుగడుగుల చదరం మేర నల్ల గ్రానైట్ లెదర్ ఫినిష్‌లో (మెరుపు లేకుండా తోలులా ఉండేది) వేయిస్తే రెండు పనులూ అవుతాయి. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానుకి నీళ్లు నిలిచినప్పుడు గేటు మూల టైల్స్ కుంగాయి. అక్కడ కింద కాంక్రీటు లేదు, ఉత్త ఇసుక మీద పరిచారు. మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు ఉన్న మిగతా భాగం చెక్కుచెదరలేదు.

షాపులో జారుడు రేటింగ్ అడిగితే ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా చెబుతారు. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. వాన పడే చోటికి ఆర్ 11 సరిపోతుంది, అంతకన్నా గరుకైనది ఇంటికి అక్కర్లేదు, కడగలేక చస్తాం.

బయట చోట్లకి మనవైపు వాళ్లు తాండూరు, బేతంచెర్ల బండలు అడుగుతుంటారు. మంచివే, చల్లగా ఉంటాయి. సున్నపురాయి కాబట్టి యాసిడ్ తగిలితే పొంగి గరుకుబారతాయి, అంతవరకు జాగ్రత్త.

డాబా మీద కూల్ రూఫ్ టైల్స్ వల్ల పై గది వేడి తగ్గిన మాట నిజం. మే నెల మధ్యాహ్నం కూడా చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయొచ్చు, పాత ఎర్ర మట్టి టైల్స్ మీద అది కుదరదు. దుమ్ము పేరుకుని బూడిదరంగుకి తిరిగితే మాత్రం ఆ లాభం తగ్గిపోతుంది. నెలకోసారైనా కడగాలి. వాన తడిలో బాగా జారతాయి, బట్టలారేసే దారికి గరుకు రకం వేయించుకోవాలి. సందులు 5 మిల్లీమీటర్లు, పది అడుగులకొకటి చొప్పున సాగే సీలెంటుతో నింపిన జాయింటు, 100కి 1 వాలు ఉండాలి. ఈ జాయింట్లు వదలని భాగంలోనే గ్రౌట్ వెంట్రుకవాసి పగుళ్లిచ్చి, ఈశాన్య రుతుపవనాల్లో సీలింగు మీద తడి మరకలు కనిపించాయి. సెప్టెంబరు నెలాఖరుకల్లా డాబా అంతా తిరిగి ఆ పగుళ్లు నింపుకోవాలి, అక్టోబరు దాటితే తడి ఆరదు. వాటర్ ట్యాంకు కాళ్లకనీ, తీగ కట్టే కమ్మీకనీ టైల్‌కి బెజ్జం వేయనివ్వకండి.

చివరి పెట్టె తెరిచాక అట్ట పారేయకండి. బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ దాని మీదే ఉంటాయి. హాల్లో లేచిన వరసకి కొత్త టైల్స్ కొనబోతే అదే పేరుతో ఉన్న టైల్ ఒక పిసరు పచ్చగా వచ్చింది. దాచి ఉంచిన రెండు పెట్టెలే అప్పుడు పనికొచ్చాయి, వాటిలో ఇంకా మూడు టైల్స్ మెట్ల కింద ఉన్నాయి.