సైకిల్‌కి కొత్త చైన్ వేయిస్తున్నారా? పాత చైన్ అడిగి ఇంటికి తెచ్చుకోండి

విజయవాడలో సైకిల్ రిపేరుకి ఇచ్చేవాళ్ళు, ముఖ్యంగా పిల్లలకు గేర్ల సైకిల్ కొనిచ్చిన తల్లిదండ్రులు, దయచేసి ఇది చదవండి. కొత్త చైన్ అని చెప్పి డబ్బులు తీసుకుని, మా అమ్మాయి సైకిల్‌కి ఎవరో వాడి పారేసిన చైన్ వేశారు. పదకొండో రోజున అది సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా తెగింది.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీకి రోజూ సైకిల్ మీదే వెళ్తుంది. ముందు మూడు, వెనక ఏడు పళ్ళ చక్రాలున్న 21 గేర్ల సైకిల్ అది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు, మెట్ల కింద పెట్టిన ఆ సైకిల్ రోజుల తరబడి బురద నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక కడిగి, నూనె వేసి మళ్ళీ వాడుకున్నాం. ఆ ఒండ్రు చైన్ కీళ్ళలోకి దూరితే లోపల ఉప్పు కాగితంతో రుద్దినట్టు అరిగిపోతుందని అప్పట్లో మాకు తెలియదు. ఏడాది తిరిగేసరికి కిరకిరలు మొదలయ్యాయి, గట్టిగా తొక్కితే టక్కున జారేది. చైన్ మార్చాల్సిందేనని అర్థమై నగరంలోనే కాస్త పెద్ద షాపుకి తీసుకెళ్ళాను.

చైన్‌కి 650, కూలి 150 అన్నారు. బిల్లు అడిగితే "ఇంత చిన్న పనికి బిల్లేంటమ్మా, మేం ఎక్కడికి పోతాం" అన్నారు. కుర్రాడు లోపలి నుంచి చైన్ చేత్తో పట్టుకుని తెచ్చాడు. డబ్బా లేదు, కవరు లేదు. నల్లగా మెరుస్తోంది, నూనె కారుతోంది, కిరసనాయిలు వాసన కూడా వచ్చింది. పక్కన ఏదో కడుగుతున్నారులే అనుకున్నాను. పావుగంటలో బిగించేశాడు. మా పాత చైన్ అక్కడే ఇనుప సామాను బుట్టలో పడేశాడు. దాని గురించి నేనూ అడగలేదు.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పిల్లలు సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతారు. ఒంటి బరువంతా పెడల్ మీద ఉన్నప్పుడు చైన్ ఊడితే కాలు ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదికి పడిపోతారు. మా పాపకి జరిగింది అదే. మోకాలు, అరచేయి చెక్కుకుపోయాయి. వెనక వస్తున్న ఆటో అతను గట్టిగా బ్రేకు వేసి ఆపాడు. దిగి వచ్చి పాపని పక్కన కూర్చోబెట్టి, తన ఫోన్‌తోనే నాకు కాల్ చేశాడు. ఆ బాబుకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మర్నాడు సత్యనారాయణపురంలో చెట్టు కింద చిన్న షాపు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాం. ఆయన చైన్ చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశారు. "చైన్ తెగలేదమ్మా, పిన్ను ఊడింది. ఇది ఒకసారి బయటికి కొట్టిన పిన్నే. మళ్ళీ లోపలికి కొట్టి వదిలేశారు" అన్నారు. చైన్ పట్టీలను కలిపి పట్టే చిన్న ఇనుప పుల్లే పిన్ను. గేర్ల చైన్‌లో దాని చివరలు కంపెనీలోనే నొక్కి వెడల్పు చేసి ఉంటాయట. ఒకసారి బయటికి నెట్టితే ఆ అంచు పోతుంది. మళ్ళీ దూర్చినా పట్టు ఉండదు. చూడటానికి మాత్రం బాగానే ఉంటుంది. అందుకే ఇలాంటి చైన్ కలపాలంటే క్విక్ లింక్ (చైన్ రెండు చివరలను కలిపే విడి లింకు) గానీ, ఆ చైన్‌కే వచ్చే కొత్త పిన్ను గానీ వాడాలి.

ఆ తర్వాత ఆయన చూపించింది చూసి నా కాళ్ళు వణికాయి. సగం పట్టీల మీద కంపెనీ అక్షరాలున్నాయి, మిగతా సగం మీద ఏమీ లేవు. రెండు పాత చైన్ల ముక్కలు కలిపి ఒకటి చేశారు. "పాపా, నీ స్కేలు ఇలా ఇవ్వు" అని మా అమ్మాయి బ్యాగులోంచి స్కేలు తీయించి కొలిచారు. ఆ కొలత మీరూ ఇంట్లో చేసుకోవచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన రోడ్ల మీద తిరిగే సైకిళ్ళ చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైన్ బిగువుగా ఉన్న చోట ఒక పిన్ను నడిమధ్యకి స్కేలు సున్నా గీత పెట్టండి. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఆ పక్క పిన్ను నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడితే ఇరవయ్యో పిన్ను మధ్య సరిగ్గా 25.4 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. కొత్త చైన్‌కి ఇందులో తేడా రాదు. 25.5 దాటిందంటే మార్చే టైమ్ వచ్చినట్టే. మాకు "కొత్తగా" వేసిన చైన్ 25.7 చూపించింది. మనం చైన్ సాగింది అంటాం గానీ ఇనుప పట్టీలు సాగవు. లోపల పిన్నులు, అవి తిరిగే చోట్లు అరిగి వదులవుతాయి. కిరసనాయిల్లో ఎంత కడిగినా, ఎంత నూనె పెట్టినా ఆ అరుగుదల పోదు. స్కేలు పెడితే దొరికిపోతుంది.

షాపుకి వెళ్ళి అడిగాను. ముందు అది వాళ్ళు వేసిన చైనే కాదన్నారు. తర్వాత "ఆడపిల్ల కదా, గేర్లు ఎలా పడితే అలా మార్చి ఉంటుంది" అన్నారు. ఆ మాటకి పక్కనే నిలబడ్డ మా అమ్మాయి తల దించుకుంది. మోకాలి దెబ్బ కంటే అదే నాకు ఎక్కువ బాధ. చివరికి "బిల్లు చూపించండి" అన్నారు. నా దగ్గర లేదని వాళ్ళకి తెలుసు. రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు.

పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలా ఇంకెన్ని చోట్ల చేస్తున్నారో నాకు తెలియదు, అందుకే ఏ షాపులోనైనా జాగ్రత్తగా ఉండమంటున్నాను. చైన్ డబ్బా మీ కళ్ళ ముందే విప్పమనండి. కొత్త చైన్‌కి కంపెనీలో పెట్టిన చిక్కటి గ్రీజు జిగటగా అంటుకుంటుంది, నూనెలా కారదు. బిగించకముందే స్కేలు పెట్టండి, ఎవరేమనుకున్నా సరే. వెనక ఏడు చక్రాలుంటే ఏడు గేర్లకు సరిపడే చైనే కావాలని చెప్పండి. గేర్లు లేని సైకిల్ చైన్ లోపల వెడల్పుగా ఉంటుంది, గేర్లకు అది పనికిరాదు. గేర్లు లేని మామూలు సైకిల్ అయితే చైన్ లాకు, అంటే చైన్ రెండు చివరలు కలిసే చోట ఉండే చిన్న క్లిప్పు, చూసుకోండి. దానికి ఒక కొన మూసి, ఇంకో కొన చీలి ఉంటుంది. మూసి ఉన్న కొన చైన్ వెళ్ళే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే దేనికో తగిలి ఊడిపోవచ్చు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. వెనక ఫ్రీవీల్ (పళ్ళ చక్రాల సెట్టు) కూడా మార్చాలని చెప్పిన ప్రతి మెకానిక్కూ మోసం చేస్తున్నట్టు కాదు. అరిగిన చైన్‌తో చాలాకాలం తొక్కితే పళ్ళు కూడా అరుగుతాయి, వాటి మీద కొత్త చైన్ జారుతుంది. ఆ పెద్దాయన మాత్రం "ముందు చైన్ వేస్తాను, తొక్కి చూడు పాపా. జారితేనే ఫ్రీవీల్ సంగతి చూద్దాం" అన్నారు. రెండు గేర్లలో జారింది. అప్పుడే మార్చారు. అన్నిటికీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు.

బిల్లు ఇవ్వకపోవడం, వాడిన వస్తువును కొత్తదని అమ్మడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. నేను చేశాను. ఊడిన చైన్, పిన్ను, స్కేలు పెట్టి తీసిన ఫోటోలు దాచి ఉంచాను.

ఇంకొక్కటి నన్ను నిద్రపోనివ్వడం లేదు. బుడమేరు బురదలో నానిన మా పాత చైన్ ఆ షాపు బుట్టలోనే ఉండిపోయింది. దాన్ని కూడా కడిగి ఎవరి సైకిల్‌కి వేశారో తెలియదు. ఈ మధ్య నగరంలో చైన్ మార్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, రేపు పిల్లలు సైకిల్ తీయకముందే స్కేలు పెట్టి ఇరవై పిన్నులు లెక్కపెట్టండి.