టమాట మొక్కలకు ఊత: 8 సీజన్ల వాడకం తర్వాత

టమాట మొక్క చిక్కుడులా కర్రను చుట్టుకోదు. కాకరకు ఉన్నట్టు దీనికి నులితీగలూ లేవు. పక్కన ఎంత మంచి కర్ర పాతినా దాన్ని పట్టుకుని పైకి పాకదు. ఎక్కడికక్కడ మనమే కట్టాలి, లేదా వాలిపోయే వీలు లేకుండా చుట్టూ ఏదో ఒకటి నిలబెట్టాలి. వదిలేస్తే నేల మీద పాకుతుంది, మట్టి తగిలిన చోటల్లా కాండానికి వేళ్లు కూడా వేస్తుంది. మొక్కకు అదేం ఇబ్బంది కాదు. ఇబ్బంది కాయకు, ఆకుకు. నేలకు ఆనిన కాయ కుళ్లుతుంది. వాన చినుకులకు ఎగిరిపడే మట్టితో పాటు ఆకుమచ్చ తెగుళ్లు కింది ఆకులకు అంటుకుని పైకి పాకుతాయి.

ఇంటి తోటలో 8 సీజన్లుగా టమాట వేస్తున్నాను. ఒంటి వెదురు కర్రలు, కొని తెచ్చిన తీగ పంజరాలు, వరుస కర్రల మధ్య తాడు అల్లిక, పైనుంచి వేలాడే తాళ్లు, ఇనుప మెష్‌తో నేనే చేసుకున్న పంజరాలు, అన్నీ వాడి చూశాను. వీటిలో ఏది గట్టిదని చాలామంది అడుగుతారు. నేనైతే ముందు ఇంకోటి చూస్తాను: ఆ ఊతకు వారానికి మన సమయం ఎంత కావాలి? ఒక 10 రోజులు తోటలోకి వెళ్లడం కుదరకపోతే మొక్క గతేమిటి?

దానికి ముందు విత్తనం ప్యాకెట్ చదవాలి. డిటర్మినేట్ అని ఉంటే అది పొద రకం. 3, 4 అడుగులు పెరిగి, కొసన పూత గుత్తి వేసి ఆగిపోతుంది. ఇన్‌డిటర్మినేట్ అని ఉంటే తీగ రకం, బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది. 6 అడుగులు దాటడం దానికి మామూలే. మొదటి సీజన్‌లో ఈ తేడా నాకు తెలియదు. రెండింటికీ ఒకే ఊత పెట్టాను.

ఆ ఊత గరాటు ఆకారంలో ఉండే తీగ పంజరం. పైన వెడల్పు, కింద సన్నని మూడు కాళ్లు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, పెట్టడం రెండు నిమిషాల పని. పొద రకానికి సరిపోయింది కూడా. తీగ రకం మాత్రం రెండు నెలలకల్లా దాని నెత్తి దాటి బయటికి వంగింది. కాయలు ఊరుతున్న సమయంలో ఒక రాత్రి గాలివానకు పంజరంతో సహా మొక్క పడిపోయింది. లేపబోతే మొదలు దగ్గర కాండం చీలి ఉంది. బరువంతా పైన ఉండి, నేలలో పట్టు అరచేతి లోతు కూడా లేకపోతే అంతే జరుగుతుంది. ఇప్పుడు ఆ పంజరాలను మిరప, వంకాయ మొక్కలకు పెడుతున్నాను. అక్కడ బాగా పనికొస్తున్నాయి.

వెదురు కర్ర మీద నాకు ప్రేమ ఎక్కువ, అందుకే దాని లోపాలు కూడా బాగా తెలుసు. తీగ రకానికి 7 అడుగుల కర్ర తీసుకుని ఒకటిన్నర అడుగు నేలలోకి దించుతాను. ముదురు వెదురే కావాలి, లేత వెదురు ఒక్క సీజన్‌కే మెత్తబడిపోతుంది. కింది కొనను కణుపుకు కాస్త దిగువన కోస్తే పాతేటప్పుడు చీలదు. గట్టి నేలలో సుత్తితో కొట్టకూడదు, ముందు గునపంతో రంధ్రం చేసి కర్ర దించి చుట్టూ మట్టి తొక్కాలి. ఇక కర్ర ఎప్పుడు పాతాలంటే, నారు నాటిన రోజే. ఒకసారి నెలన్నర ఆగి పాతాను. ఆ దెబ్బకు వేళ్లు తెగి, ఎంత నీరు పెట్టినా మొక్క నాలుగైదు రోజులు తల వేలాడేసింది. అప్పటినుంచి ముందు కర్ర, తర్వాతే దానికి మూడు నాలుగు అంగుళాల ఎడంలో నారు.

వెదురు కుళ్లేది సరిగ్గా నేల మట్టం దగ్గర. తడి, గాలి రెండూ కలిసేది అక్కడే కాబట్టి లోపలి భాగం, పై భాగం బాగున్నా ఆ రెండు అంగుళాల్లో పటుక్కున విరుగుతుంది. నా కర్రలు రెండు సీజన్లు వచ్చాయి, కొన్ని మూడో సీజన్ మధ్యలో విరిగాయి. అందుకే మూడో ఏడు ఆ ముక్క కోసేసి, పొట్టిగా మిగిలిన కర్రను పొద రకానికి వాడతాను.

కర్రకు కట్టే పద్ధతి కర్రంత ముఖ్యం. తాడును ముందు కర్రకు బిగించి, ఒక మెలి తిప్పి, ఆ తర్వాత కాండం చుట్టూ వదులుగా తేవాలి. పైనుంచి చూస్తే ఎనిమిది అంకెలా కనిపించాలి. మధ్యలోని మెలి వల్ల కాండం కర్రకు రాసుకోదు. కాండం చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి, ఎందుకంటే ఇవాళ పెన్సిలంత ఉన్నది కాపు నాటికి బొటనవేలంత అవుతుంది. సన్నని తీగ, నైలాన్ దారం నేను ముట్టుకోను. గాలికి ఊగినప్పుడల్లా అవి కాండాన్ని కోస్తాయి. పాత కాటన్ చీరలు, బనియన్లు చింపిన పీలికలే నాకు అన్నిటికంటే బాగా పనిచేశాయి. ముడి ఎప్పుడూ ఆకు కాడకు దిగువన పడాలి. కాయల గుత్తికి సరిగ్గా కింద కడితే బరువు పెరిగాక ఆ కాడ ముడి మీద ఆని విరుగుతుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఒంటి కర్రకు ప్రతి వారం మనిషి కావాలి. పక్క పిలకలు తుంచాలి, కొత్త ముడి వేయాలి. రెండు వారాలు ఊరెళ్లి వచ్చేసరికి పిలకలు కొమ్మలై, ఏది అసలు కాండమో తెలియనంత గుబురు తయారైంది. పైనుంచి తాడు వేలాడదీసే పద్ధతిదీ ఇదే సంగతి, ఇంకా ఎక్కువ. ఒకే కాండం ఉంచి, తాడును దాని చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ పోవాలి. తోట అందంగా ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది, కాయ కోయడం సుఖం. రోజూ తోటలో గడిపేవారికి దీన్ని మించింది లేదు. రెండు సీజన్లు చేసి నేను ఆపేశాను. పిలకలు మరీ ఎక్కువ తీసేయడంతో ఎండ నేరుగా తగిలి కాయల భుజాలు, అంటే తొడిమ చుట్టూ ఉండే పై భాగం, తెల్లబడడం కూడా అప్పుడే చూశాను.

వరుస నాటే వాళ్లకు తాడు అల్లిక నయం. ఫ్లోరిడా వీవ్ అంటారు. రెండు మొక్కలకో కర్ర పాతి, వరుసకు అటొకటి ఇటొకటిగా తాడు లాగి మొక్కలను మధ్యలో పట్టి ఉంచాలి. మొదటి తాడు 8 నుంచి 10 అంగుళాల ఎత్తులో, ఆ తర్వాత మొక్క పెరిగే కొద్దీ 6 నుంచి 8 అంగుళాలకు ఒకటి. ఒక్కో మొక్కకు ముడి వేయక్కర్లేదు కాబట్టి పని త్వరగా అవుతుంది. చివరి కర్రల మీదే లాగుడంతా పడుతుంది, వాటికి ఏటవాలుగా ఇంకో కర్ర దన్ను పెట్టకపోతే వరుస మొత్తం జారుతుంది.

ఇప్పుడు తీగ రకాలకు నేను నమ్మేది మెష్ పంజరం. కాంక్రీటులో వేసే ఇనుప మెష్, 6 అంగుళాల గళ్లు, 5 అడుగుల ఎత్తు. 6 అడుగుల పొడవు ముక్క కోసి గుండ్రంగా చుడితే దాదాపు 23 అంగుళాల వెడల్పు వస్తుంది. కోసిన తీగ కొనలనే కొక్కేల్లా వంచి అతుకు వేస్తాను. అడుగున ఉన్న అడ్డ తీగ తీసేస్తే నిలువు తీగలు 6 అంగుళాల కాళ్లుగా మిగులుతాయి. వాటిని నేలలోకి నొక్కి, ఎదురెదురుగా రెండు కర్రలు లోతుగా పాతి పంజరాన్ని వాటికి కట్టేస్తాను. ఈ రెండు కర్రలు మానేయొద్దు. గళ్లు చిన్నవి కూడా తీసుకోవద్దు. చెయ్యి లోపలికి దూరాలి, కాయతో బయటికి రావాలి. ఒకసారి 2 అంగుళాల జాలీ వాడితే కాయలు గళ్లలో ఇరుక్కుని ఊరాయి, కోయాలంటే చిదమాల్సి వచ్చింది.

ఈ పంజరంలో మొక్కకు దాదాపు ముడులే అక్కర్లేదు. బయటికి చాచిన కొమ్మను వారానికోసారి లోపలికి తోస్తే చాలు. 10 రోజులు చూడకపోయినా పడిపోలేదు. 5 సీజన్లు అయ్యాయి, పైపైన తుప్పు పట్టింది గానీ ఒక్కటీ వంగలేదు. కోయడం, చుట్టడం మాత్రం కష్టమే, చేతికి మందపు గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టకండి. చుట్టేటప్పుడు మెష్ స్ప్రింగులా ఎగిరి తిరిగొస్తుంది. రెండో మనిషి పట్టుకుంటే పని సగం అవుతుంది.

కాపు అయిపోయాక కర్రలు, పంజరాలు అన్నిటికీ అంటిన మట్టి, ఎండు ఆకులు రుద్ది కడిగి, 1 వంతు బ్లీచ్‌కు 9 వంతుల నీరు కలిపి తుడిచి ఎండబెడతాను. తెగులు కర్రనే పట్టుకుని తర్వాతి సీజన్ దాకా ఉండగలదు. తెగులు సోకిన మొక్కల కర్రలను ఒక ఏడు కడగకుండా వాడాను, ఆ ఏడు మచ్చలు ముందుగా వచ్చింది ఆ వరుసకే.

మెష్ పంజరాలతో నాకు చాలాకాలం తీరని ఇబ్బంది దాచుకునే చోటు. అన్నీ ఒకే వెడల్పు కాబట్టి ఒకదాంట్లో ఒకటి పట్టవు. పోయిన సీజన్ ముందు వాటిని విప్పి, మూడో వంతు 5 అడుగులకు, మూడో వంతు 5.5 అడుగులకు కోసి మళ్లీ చుట్టాను. మిగతావి 6 అడుగులే. వెడల్పు సుమారు 19, 21, 23 అంగుళాలు వచ్చాయి. ఇప్పుడు మూడేసి ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతున్నాయి, 12 పంజరాలు నాలుగింటి చోటులో సర్దుకున్నాయి. వెడల్పు తక్కువైన వాటిలో చెర్రీ టమాట కాస్త ఇరుగ్గా పెరిగింది, వాటికి ఈసారి 23 అంగుళాలవే పెడుతున్నాను.