పాత చెస్ సెట్ల నకళ్ళు: ఎనిమిదేళ్ళు ఆడాక

నా దగ్గర పాత టోర్నమెంట్ సెట్ల నకళ్ళు మూడున్నాయి. ఒకటి 1849 నాటి స్టాంటన్ నమూనా, ఇంకోటి 1935 మాస్కో టోర్నమెంట్ పేరు చెప్పి అమ్మే సోవియట్ సెట్, మూడోది 1950 డుబ్రోవ్నిక్. నాలుగోది కూడా ఉండేది, దాని సంగతి తర్వాత. అన్నిటికన్నా ముందు కొన్నదానికి ఎనిమిదేళ్ళు నిండాయి. అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయే రకం కాదు నేను, ఆడతాను. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు నిమిషాల్లో ముగించే వేగపు ఆట, బ్లిట్జ్ కూడా. పావులు దెబ్బలు తింటాయి, కింద పడతాయి. వాటి గురించే ఈ సమీక్ష.

ముందే ఒక మాట. బిషప్‌ని శకటు అనేవాళ్ళున్నారు, ఒంటె అనేవాళ్ళున్నారు. మా ఇంట్లోనే రెండు పార్టీలు. ఆ గొడవ లేకుండా బిషప్ అనే రాస్తాను. మిగతావి మామూలే: రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు.

మొదట స్టాంటన్. 1849 మార్చి 1న నథానియల్ కుక్ పేరు మీద లండన్‌లో ఈ డిజైన్ రిజిస్టర్ అయింది. ఆ సెప్టెంబరులో జేక్స్ సంస్థ అమ్మకానికి పెట్టింది. అప్పటి మేటి ఆటగాడు హోవార్డ్ స్టాంటన్ పేరు తగిలించడంతో ఆ పేరే స్థిరపడిపోయింది. అంతకుముందు క్లబ్బుకో రకం పావులుండేవి. కొత్తచోట ఆడటానికి కూర్చుంటే ఏది బిషప్పో ఏది మంత్రో తేల్చుకోవడానికే టైం పట్టేది. ఆ బాధ తీర్చిన సెట్ ఇది. అందుకే ఎవరు సేకరణ మొదలుపెట్టినా ముందు దీని నకలే కొంటారు. నేనూ అంతే.

నేను చేసిన తప్పు సైజులో. పాత పెద్ద సైజు సెట్ ఎలా ఉండేదో అలాగే కావాలని నాలుగున్నర అంగుళాలకు దగ్గరగా, 112 మిల్లీమీటర్ల రాజు ఉన్నది తెప్పించాను. నా బోర్డు గడి 55 మిల్లీమీటర్లు. పావులు పేర్చాక పెళ్ళిపందిట్లో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే సూచించే రాజు ఎత్తు 95 మిల్లీమీటర్లు, గడి 50 నుంచి 60. కొనేముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటే: ఒక గడిలో నాలుగు బంట్లు చక్కగా కూర్చోవాలి. అంటే గడి వెడల్పు బంటు పీట (అడుగు భాగం) వెడల్పుకి రెండింతలు. ఆ చిన్న లెక్క తెలియక ఇంకో బోర్డు కొనాల్సి వచ్చింది.

ఇక పనితనం. మిగతా పావులన్నీ లేత్ మీద తిరిగి వచ్చేవే. గుర్రాన్ని మాత్రం చేత్తో చెక్కాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పార్థినాన్ శిల్పాల్లోని గుర్రపు తల దీనికి ఆదర్శం అంటారు. సెట్ ఖరీదులో పెద్ద వాటా గుర్రాలదే, సెట్ బాగోగులు తేల్చేదీ అవే. నా నాలుగు గుర్రాల్లో మూడు బాగున్నాయి. నాలుగోదానికి దవడ కింద ఉలి జారింది. వేలు పెడితే తెలుస్తుంది, ఫొటోలో తెలియదు.

అసలు సెట్లలో రాజు వైపు ఏనుగు మీద, గుర్రం మీద చిన్న కిరీటం ముద్ర ఉండేది. అప్పట్లో ఎత్తులు రాసే పద్ధతిలో రాజు వైపు ఏనుగు, మంత్రి వైపు ఏనుగు అని వేరుగా చెప్పేవారు. ఆట ముదిరాక ఏది ఎటు వైపుదో పోల్చుకోవాలంటే ఆ ముద్రే దిక్కు. రెండు రంగులకూ కలిపి నాలుగు ముద్రలుండాలి. నా సెట్‌లో మూడే ఉన్నాయి, ఒక నల్ల గుర్రానికి కొట్టడం మరిచారు. నేను గమనించింది ఏడాది తర్వాత, కాబట్టి గొప్పగా ఫిర్యాదు చేసే అర్హత కూడా నాకు లేదు.

అసలు కథ నల్ల రాజుది. మూడో ఏడు, గాలి బాగా పొడిగా ఉన్న నెలల్లో, పీట అంచు నుంచి నడుం దాకా వెంట్రుకంత బీట పడింది. నల్లపావులు చేసిన ఎబొని చాలా గట్టి కలప, తేమ మెల్లగా వదులుతుంది. పీటలో బరువు కోసం తొలిచి లోహపు దిమ్మ దించుతారు. కలప ఆరి ముడుచుకుంటుంది, లోపలి లోహం ముడుచుకోదు. ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. కలపని సరిగ్గా ఆరబెట్టకుండా తొందరపడితే ఇది ఇంకా త్వరగా వస్తుంది. నేను తెలివి ప్రదర్శించి ఎబొని పొడి జిగురులో కలిపి లప్పంలా కూరాను. చూడ్డానికి అద్భుతంగా కుదిరింది. గాలిలో తేమ పెరగ్గానే కలప ఉబ్బింది, బీట మూసుకుపోవడానికి చూసింది, మధ్యలో నా లప్పం రాయిలా అడ్డుపడింది. అంతే, పక్కన రెండో బీట. మైనం రాసి వదిలేసి ఉంటే సరిపోయేది. కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే బీటని గట్టి పదార్థంతో నింపకూడదని ఆ రాజు ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నాను.

తెల్లపావుల గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఈ నకళ్ళు రెండు రకాలుగా వస్తాయి. మామూలు బాక్స్‌వుడ్ (లేత పసుపు కలప) ఒకటి, పాతదానిలా కనబడాలని తేనెరంగు పూసింది ఇంకోటి. నా స్టాంటన్ మామూలుది, సోవియట్ సెట్ రంగు పూసింది. కొత్తలో రెండోదే అందంగా ఉండేది, వచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకునేవారు. ఇప్పుడు పక్కపక్కన పెడితే నవ్వొస్తుంది. స్టాంటన్ బంట్ల తలలు, గుర్రాల మెడలు, వేళ్ళు తగిలిన చోటల్లా పసుపు తిరిగి నిగనిగలాడుతున్నాయి. సోవియట్ సెట్‌లో వేళ్ళు తగిలిన చోటల్లా పూత పోయి తెల్లబడింది, చేయి వెళ్ళని సందుల్లో మాత్రం ముదురు రంగు మిగిలింది. పాతబడాల్సిన చోట కొత్తగా, కొత్తగా ఉండాల్సిన చోట పాతగా! పూత రంగు వద్దని, కాస్త పాలిపోయినట్టున్నా మామూలుదే తీసుకోమని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఆ సోవియట్ సెట్ మీద నాకు ఇంకో ఫిర్యాదుంది. 1935 మాస్కో టోర్నమెంట్‌లో బొత్విన్నిక్, ఫ్లోర్ మొదటి స్థానం పంచుకున్నారు. 66 ఏళ్ళ మాజీ ప్రపంచ చాంపియన్ లాస్కర్ వాళ్ళకి అర పాయింటు వెనక మూడో స్థానంలో, మరో మాజీ చాంపియన్ కాపబ్లాంకా కంటే పైన నిలిచాడు. ఆ టోర్నమెంట్ పేరు చెప్పి అమ్మే డిజైన్ ఆకారం నిజంగా గొప్పది: సన్నటి నడుము, వెడల్పు పీట, శిలువ లేని రాజు. కానీ బరువు మరీ ఎక్కువ. ఒక మిత్రుడి దగ్గర సోవియట్ క్లబ్బులో అరిగిన పాత సెట్ ఉంది. దాని రాజుని, నా రాజుని చెరో చేత్తో పట్టుకున్నాను. ఆ పాతది అగ్గిపెట్టెలా ఉంది, నాది తూకపు రాయిలా ఉంది. అప్పటి క్లబ్బు సెట్లు చాలామటుకు తేలికవే, కొన్నిటికి అసలు దిమ్మే ఉండదు. ఇప్పటి కొనేవాళ్ళు బరువంటే నాణ్యత అనుకుంటారు కాబట్టి తయారీదార్లు దట్టిస్తున్నారు. అదే మిత్రుడి గుర్రానికి జూలు మూడే మూడు గాట్లు. నా గుర్రానికి పదకొండు, లెక్కపెట్టాను. నాదే అందంగా ఉంది. అసలు కన్నా అందంగా ఉన్న నకలుని ఏమని మెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

నాలుగోది 1959 జాగ్రెబ్ రకం. ఆ ఏడు ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే క్యాండిడేట్స్ టోర్నమెంట్ యుగోస్లావియాలోని బ్లెడ్, జాగ్రెబ్, బెల్‌గ్రేడ్‌లలో జరిగింది, తాల్ గెలిచాడు. సెట్ బాగానే ఉండేది కానీ పావుల నెత్తి మీది గుండ్లు జిగురు వదిలి రాలిపోయేవి. రెండుసార్లు సోఫా కింద వెతికాక మేనల్లుడికి ఇచ్చేశాను. వాడికి సోఫా లేదు.

డుబ్రోవ్నిక్ దగ్గర మాత్రం నా నోరు మూతపడింది. 1950లో డుబ్రోవ్నిక్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) కోసం పెరో పోచెక్ గీసిన సెట్ ఇది. ఆతిథ్యమిచ్చిన యుగోస్లావియానే ఆ ఒలింపియాడ్ గెలిచింది. అమెరికా ప్రపంచ చాంపియన్ ఫిషర్ మనసు పారేసుకున్న సెట్ కూడా ఇదే, 1972లో తాను ఓడించిన స్పాస్కీతో 1992లో మళ్ళీ ఆడినప్పుడూ ఈ రకం పావులే. బిషప్‌కి నెత్తిన మామూలుగా ఉండే గాటు ఉండదు, ఎదుటి రంగు చిన్న గుండు ఉంటుంది. కొత్తలో దాన్ని బంటు అనుకుని ఒక ఆట ఓడిపోయాను, వారంలో అలవాటైంది. గుర్రం పొట్టిగా, బలంగా, అలంకారం లేకుండా ఉంటుంది. చెక్కేవాడికి తప్పు చేసే సందు తక్కువ కాబోలు, నాలుగూ ఒకేలా వచ్చాయి. పీటలు వెడల్పు, బరువు మితం, బ్లిట్జ్‌లో మోచెయ్యి తగిలినా పడవు. ఐదేళ్ళలో పోయింది రెండు బంట్ల పీట కింది ఫెల్ట్ గుడ్డ మాత్రమే, అదీ నేనే అంటించాను. ఎవరైనా ఒక్కటే కొంటామంటే, ఆడటానికి కొంటామంటే, ఇది.

స్టాంటన్ రాజు సంగతి ముగించాలి. బీట ఫొటో పంపితే, గడువు దాటినా అమ్మినవాళ్ళు పేచీ పెట్టకుండా కొత్త రాజుని పంపారు. వేరే విడతది. రెండు మిల్లీమీటర్లు పొట్టి, శిలువ చేతులు కాస్త లావు, నలుపులో గోధుమ చార. మంత్రి పక్కన నిలబెడితే ఎవరింటి చుట్టమో వచ్చి నిల్చున్నట్టుంది. దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, బీటల రాజుతోనే ఆడుతున్నాను.