బొలోన్యాలో ఒక సెమిస్టర్: ఆర్ట్స్ చదివేవాళ్ళ కోసం నా రివ్యూ

ఇటలీలో ఆర్ట్స్, హ్యుమానిటీస్ ఒక సెమిస్టర్ చదవడానికి వెళ్ళొచ్చా అని జూనియర్స్ చాలామంది అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నా. నేను ఎమ్మే ఆర్ట్ హిస్టరీలో ఉండగా ఎక్స్ఛేంజ్‌లో బొలోన్యా యూనివర్సిటీకి వెళ్ళా, సెప్టెంబర్‌లో దిగి ఫిబ్రవరి ఆఖర్లో వచ్చేశా. చదువుకి 5కి 5 ఇస్తా. ఇల్లు వెతుక్కోవడానికి 5కి 1.

ముందు ఇల్లు, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఊరు చిన్నది, స్టూడెంట్స్ చాలా ఎక్కువ. సెప్టెంబర్‌లో అందరూ ఒకేసారి దిగుతారు కాబట్టి ఒక్క రూమ్ కోసం ఇరవై మంది లైన్లో ఉంటారు. ప్రకటనల్లో సింగోలా అంటే ఒక్కరికే రూమ్, పోస్తో లెత్తో అంటే ఇద్దరుండే రూమ్‌లో ఒక మంచం. నేను మొదటి 18 రోజులు హాస్టల్లో ఉండి, తర్వాత రైల్వే స్టేషన్ వెనక బొలోన్యీనా అనే ఏరియాలో ఒక మంచం పట్టుకున్నా, నెలకి 380 యూరోలు, కరెంటు గ్యాస్ వేరే. నాతో వచ్చిన అమ్మాయి మాత్రం ఫోటోలు చూసి ఎవరికో రెండు నెలల అడ్వాన్స్ ముందే పంపేసింది, వెళ్ళి చూస్తే ఆ అడ్రస్‌లో అసలు అద్దెకిచ్చే ఇల్లే లేదు. కళ్ళతో చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు, దయచేసి.

పేపర్ల పని విసుగే గానీ దారి తెలిస్తే భయం లేదు. దిగిన 8 వర్కింగ్ డేస్ లోపల పోస్టాఫీస్‌లో కిట్ తీసుకుని పెర్మెస్సో, అంటే ఉండే పర్మిట్‌కి అప్లై చేయాలి, 16 యూరోల స్టాంపు అంటించాలి, తర్వాత వేలిముద్రలకి పోలీసు ఆఫీసుకి పిలుస్తారు. కార్డు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది, అప్పటిదాకా పోస్టాఫీస్ రసీదే మీ ఆధారం, దాన్ని ప్రాణంలా దాచుకోండి.

ఇక అసలు విషయం, క్లాసులు. హ్యుమానిటీస్ క్లాసులు ఎక్కువగా వయా జాంబోనీ అనే వీధిలోనే, రెండు పక్కలా ఆర్చుల నడవల కింద నడుచుకుంటూ వెళ్తాం, వానొచ్చినా గొడుగు అక్కర్లేదు. ఈ యూనివర్సిటీ 1088లో మొదలైందని చెప్తారు, కోపర్నికస్ కూడా ఇక్కడ చదువుకున్నాడు. టైమ్‌టేబుల్‌లో 11 అని ఉంటే క్లాసు 11:15కి మొదలవుతుంది, అది లేట్ కాదు, అక్కడ పద్ధతే అది. ప్రొఫెసర్ రెండు గంటలు స్లైడ్స్ చూపిస్తూ మాట్లాడతారు, పిల్లలు ఒక్క మాట వదలకుండా రాసుకుంటారు. క్లాసుకి రాకుండా పరీక్షకి కూర్చోవచ్చు గానీ అలాంటివాళ్ళకి పుస్తకాల లిస్టు ఇంకా పెద్దది. నాకైతే పినకోతేకాకి తీసుకెళ్ళిన రోజులే బాగా గుర్తున్నాయి, యూనివర్సిటీకి అడుగుల దూరంలో ఉన్న మ్యూజియం అది, రఫాయెల్ వేసిన సెయింట్ సెసీలియా బొమ్మ ముందు గంటన్నర నిలబెట్టి ఒక్కొక్కరినీ ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు. మన దగ్గర ఆ బొమ్మని పుస్తకంలో అగ్గిపెట్టంత సైజులో చూసి బట్టీ కొట్టిన దాన్ని నేను.

పరీక్షలు చాలావరకు నోటితోనే. రాయడం కాదు, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మార్కులు 30కి, పాస్ 18, ఇచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి తర్వాతి తారీఖుకి మళ్ళీ రావొచ్చు. పరీక్ష అందరి ముందే జరుగుతుంది కాబట్టి మీ వంతు రాకముందే వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వినండి, ఏం అడుగుతారో, ఎలా చెప్తే ఒప్పుకుంటారో అక్కడే తెలిసిపోతుంది. నేను రెండు రోజులు అలాగే కూర్చున్నా.

భాష గురించి. ఇంగ్లీష్‌లో కోర్సులున్నాయి గానీ నా సలహా ఇటాలియన్ కనీసం బి1, అంటే మధ్య స్థాయి దాకా నేర్చుకుని వెళ్ళమనే. మన తెలుగువాళ్ళకి ఒక సుఖం ఉంది, మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి, ద్విత్వాలు మన చెవికి పుట్టుకతోనే తెలుసు. నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాత. నా క్లాసులో ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్ళు ఈ రెండిటికీ తేడా పలకడానికి నెల రోజులు అవస్థ పడ్డారు, నాకు మొదటి రోజే వచ్చేసింది.

ఇప్పుడు నేను అసలు ఎందుకు ఈ రివ్యూ రాస్తున్నానో చెప్తా. ఊరి మధ్య పెద్ద కూడలి పియాజ్జా మజ్జోరె దగ్గర, చేపల కొట్లున్న సందుల మధ్య సాంతా మరియా దెల్లా వీతా అని ఒక చర్చి ఉంది. లోపల నిక్కొలో దెల్లార్కా అనే శిల్పి 15వ శతాబ్దంలో మట్టితో చేసి కాల్చిన బొమ్మలు, మనిషంత సైజు. చనిపోయిన క్రీస్తు పడుకుని ఉంటే చుట్టూ ఏడ్చేవాళ్ళు. క్రీస్తు శిష్యురాలు మగ్దలేనా మరియా నోరు తెరుచుకుని పరిగెత్తుకొస్తుంటే బట్టలన్నీ వెనక్కి ఎగిరిపోతూ ఉంటాయి. నేను టికెట్ తీసుకుని లోపలికెళ్ళి అలా ఆగిపోయా. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఎవరైనా పోతే దూరం నుంచి వచ్చే చుట్టాలు వీధి మొగదల నుంచే శోకాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొస్తారు, కొంగు ఎటు పోతుందో కూడా చూసుకోరు. మా తాతయ్య పోయినప్పుడు మా పెద్దత్తయ్య అచ్చం అలాగే వచ్చింది.

పరీక్షలో నన్ను ఆ బొమ్మల గురించే అడిగారు. చదివిందంతా చెప్పా, ఆ ముఖాల్లో భావం ఎంత విపరీతంగా ఉందో, కాల్చిన మట్టి కాబట్టి అది ఎలా సాధ్యమైందో. ఇంకేమైనా ఉందా అన్నారు. నా వచ్చీరాని ఇటాలియన్‌లో అత్తయ్య సంగతి చెప్పేశా. ప్రొఫెసర్ పెన్ను పక్కన పెట్టి, ఏడుస్తూ మీ అత్తయ్య ఏమంటుంది అని అడిగారు. పోయినాయన ఏం పెట్టాడో, ఎక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ ఏడుస్తుంది అన్నా. అయితే మగ్దలేనా బొమ్మ ఏమంటోందనుకుంటున్నారు, అది చెప్పండి అన్నారు. ఇంకో పది నిమిషాలు మాట్లాడా. 28 ఇచ్చారు. ఇండియాలో ఇన్నేళ్ళ చదువులో మా ఇంటి సంగతి జవాబులో భాగం అవుతుందని నాకెవరూ చెప్పలేదు.

వీకెండ్స్‌కి రైలు చాలు. రవేన్నా గంట పైచిలుకు, సాన్ వితాలే చర్చిలో రంగు ముక్కలు అతికించి చేసిన మొజాయిక్‌లు, కవి దాంతే సమాధి ఒక్క రోజులో చూడొచ్చు. నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఫ్రీ, జనం బాగా ఉంటారు గానీ మన బడ్జెట్‌కి అది పెద్ద వరం. తిండికి ఇబ్బంది లేదు, బియ్యం, కందిపప్పు మా ఏరియా కొట్లలోనే దొరికేవి.

పాదువాకి మాత్రం తప్పకుండా వెళ్ళండి, ముందే టికెట్ బుక్ చేసుకోవాలి. స్క్రొవేన్యీ చాపెల్‌లో జోత్తో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో గోడల నిండా వేసిన బొమ్మలున్నాయి. లోపలికి పంపేముందు ఒక అద్దాల గదిలో 15 నిమిషాలు కూర్చోబెడతారు, మన ఒంటి తేమ, దుమ్ము గోడలకి తగలకుండా. లోపల ఉండనిచ్చేది ఇంకో 15 నిమిషాలే. అక్కడ కూడా క్రీస్తు చుట్టూ ఏడ్చే ఘట్టం ఉంది, పైన దేవదూతలు గాల్లో మెలికలు తిరిగిపోతూ ఏడుస్తుంటారు, కింద మాత్రం తల్లి కొడుకు ముఖానికి తన ముఖం ఆనించి ఊరికే చూస్తూ ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు గోడలన్నీ చూడాలని హడావిడి పడ్డా. ఫిబ్రవరిలో తిరిగొచ్చే ముందు మళ్ళీ వెళ్ళి, ఆ 15 నిమిషాలూ ఆ ఒక్క బొమ్మ ముందే నిలబడ్డా.