పాపాయి బూటీలకు ఏ దారం? మా ఓటు మిల్క్ కాటన్‌కే

పసిపిల్లలకు క్రోషేతో అల్లే మెత్తటి చెప్పులు, అంటే బూటీలకు, అక్రిలిక్ ఉన్ని, మామూలు నూలు దారం, 5 ప్లై (ఐదు పోగుల) మిల్క్ కాటన్ పక్కపక్కన పెట్టి చూస్తే, మన ఎండలకు మూడోదే మేలు.

అక్రిలిక్ చవక, మెత్తన, రంగు కూడా దిగదు. చెమట మాత్రం పీల్చదు, పాదం లోపల తడితడిగా అయిపోతుంది. చలిదేశాల్లో ఉన్న మనవలకు పంపడానికైతే బాగుంటుంది. నూలు చెమట పీలుస్తుంది గానీ ఒకసారి సాగితే మళ్లీ ముడుచుకోదు, కొన్నాళ్లకే చీలమండ దగ్గర వదులై బూటీ జారిపోతుంది. నరసాపురం లేసుల్లాంటి అల్లికకు వాడే సన్న దారం లేసుకే అందం, పసి అరికాలికి గట్టిగా తగులుతుంది. నూగు రాలే బొచ్చు దారాలు అసలే వద్దు, పిల్లలు కాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

మిల్క్ కాటన్ పేరు చూసి అంతా నూలే అనుకోకండి. చాలావాటిలో అక్రిలిక్ కలుస్తుంది, లేబుల్ చదివి నూలు శాతం ఎక్కువున్నదే కొనండి. దీనికున్న పెద్ద లోపం పురి వదులు. కొన పదునుగా ఉన్న క్రోషే సూది (కొక్కెం) ఐదు పోగుల్లో మూడే పట్టుకుని రెండు వదిలేస్తుంది. వదిలేసిన పోగు లోపల చిన్న ఉచ్చులా నిలబడుతుంది, పాప కాలివేలు అందులో చిక్కుకుంటే రక్తం ఆడదు. గుండ్రటి కొన ఉన్న 3 మి.మీ. సూది వాడండి. వరుస పూర్తయిన ప్రతిసారీ లోపల వేలు పెట్టి తడమండి. ఈ ఒక్క పనీ మానొద్దు!

ముందు 10 సింగిల్ క్రోషేలతో (క్రోషేలో పొట్టి కుట్టు) చిన్న ముక్క అల్లండి, 5 సెం.మీ. రావాలి. 4.5 మాత్రమే వస్తే మీ చెయ్యి బిగువు, 3.5 సూదికి మారండి. 3 నెలల లోపు పాపకు బూటీ అడుగుభాగం పొడవు 9 సెం.మీ., వెడల్పు 4.5 ఉంటే చాలు. అడుగుభాగాన్ని మొదటి చైన్ (గొలుసు కుట్టు) చుట్టూ అల్లుతాం కాబట్టి, పొడవులోంచి వెడల్పు తీసేస్తే మిగిలేదే ఆ చైన్ పొడవు: 4.5 సెం.మీ., సుమారు 9 చైన్లు.

జతకు 30 గ్రాములలోపే పడుతుంది, 50 గ్రాముల ఉండ ఒకటి చాలు. రెండు కాళ్లూ ఒకే ఉండలోంచి అల్లండి, వేరే లాట్ (రంగు అద్దిన విడత) అయితే రంగు తేడా తెలిసిపోతుంది. ఎరుపు, ముదురు నీలం అయితే మూరెడు దారం గోరువెచ్చని నీళ్లలో తడిపి తెల్లగుడ్డలో పది నిమిషాలు నొక్కి ఉంచండి. గుడ్డకు రంగంటితే ఆ దారం పక్కన పెట్టేయండి.

ఈ దారం జారుతుంది కాబట్టి చివర 15 సెం.మీ. వదిలి, అటూ ఇటూ మూడుసార్లు దూర్చి కత్తిరించండి. గుండీల బదులు చైన్ తాడు వేసి, మడమ దగ్గర కుట్టేయండి. ఉతికాక తీగ మీద వేలాడదీస్తే సాగుతాయి, నీడలో తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.