బుల్లెట్, యెజ్డి, ఆర్ఎక్స్ 100: ఇంట్లో బాగుచేసుకోవడానికి ఏది మేలు?

పాత బండి కొని, ఇంట్లోనే విప్పి, మళ్లీ రోడ్డెక్కించాలన్న సరదా హైదరాబాద్‌లో ఎవరికి పుట్టినా మాట మూడు పేర్ల చుట్టూనే తిరుగుతుంది. పోత ఇనుము ఇంజన్ ఉన్న పాత బుల్లెట్ 350, మైసూరు యెజ్డి, యమహా ఆర్ఎక్స్ 100. రాజ్‌దూత్ 350 పేరు కూడా వినిపిస్తుంది గానీ దాని జోలికి నేను వెళ్లడం లేదు. 1983లో వచ్చి కొన్నేళ్లకే ఆగిపోయిన ఆ బండికి ఇవాళ అడుగుతున్న ధర చూస్తే, కొత్తగా పానా పట్టేవాళ్లు దూరంగా ఉండటమే మంచిది.

ఏది గొప్ప బండి అన్న వాదన తెల్లారేదాకా సాగుతుంది, తేలదు. ఇంట్లో విప్పి కట్టుకోవడానికి ఏది వీలు అన్నది మాత్రం తేలే ప్రశ్నే. దానికి చూడాల్సినవి వేరు: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మనకి దక్కే చోటెంత, సామాను ఊళ్లోనే దొరుకుతుందా, పని ఏ దశలో మన చేతిలోంచి లేత్ షాపుకి పోతుంది, ఆర్‌సీ బతికుందా లేదా.

మోజు ఎక్కువ ఆర్ఎక్స్ మీదే కాబట్టి దానితో మొదలుపెడదాం. 1985లో ఎస్కార్ట్స్ వాళ్లు తెచ్చారు, 1996లో ఆపేశారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు 103 కిలోలు. కాగితం మీద చూస్తే ఇంటి పనికి ఇంతకంటే అనువైనది లేదు. టూ స్ట్రోక్ కాబట్టి హెడ్డులో వాల్వులు, క్యామ్‌లు ఉండవు. హెడ్డు, బ్యారెల్ ఊడదీస్తే పిస్టన్ కళ్లముందే ఉంటుంది. ఇంజన్ని ఒక్కరే ఎత్తి బల్ల మీద పెట్టుకోవచ్చు. మూడో అంతస్తు బాల్కనీలో కూడా ఈ పని నడుస్తుంది, ఇంట్లోవాళ్లు డీజిల్ వాసన భరిస్తే. (కిరోసిన్ దొరకడం కష్టమైపోయింది, పార్టులు కడగడానికి డీజిలే గతి.)

చిక్కంతా కొనేచోట ఉంది. కాస్త బాగున్న ఆర్ఎక్స్ లక్ష దాటి పలుకుతోంది. తుక్కుగా ఉన్నదాన్ని కూడా "లోపలంతా జపాన్ సామాను సార్" అని అమ్మజూపుతారు. మొదట్లో వచ్చిన బండ్లలో జపాన్ భాగాలున్న మాట నిజమే. అయితే ఇన్నేళ్లలో ఆ ఇంజన్‌కి ఎన్ని బోరింగ్‌లయ్యాయో (అరిగిన సిలిండర్‌ని లోపల కోసి కాస్త పెద్దది చేయడం), ఏ బండి క్రాంక్‌కేసు (ఇంజన్ కింది పెట్టె) ఏ బండికి ఎక్కిందో ఎవరు చెప్పాలి? ఆర్ఎక్స్ 135 సామాను కలిపి కట్టిన ఆర్ఎక్స్ 100లు కూడా తిరుగుతుంటాయి. పైగా కంపెనీ ముద్ర కొట్టిన డూప్లికేట్ పార్టులు దీనికి వచ్చినన్ని ఇంకో పాత బండికి రావు. ఏది అసలుదో చేత్తో పట్టుకుని పోల్చే అనుభవం ఉన్నవాళ్లకి ఫరవాలేదు. కొత్తవాళ్లు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టి అనుమానాన్ని కొనుక్కున్నట్టవుతుంది.

ఇంజన్ దింపి మళ్లీ ఎక్కించాక ఆర్ఎక్స్‌లో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఇందులో ఆయిల్‌ని పెట్రోల్లో కలపరు, విడిగా ఉన్న ట్యాంకులోంచి పంపు లాగి ఇంజన్‌కి ఇస్తుంది. గొట్టం ఊడదీసినప్పుడు లోపల గాలి చేరుతుంది. పంపు మీదున్న బ్లీడింగ్ స్క్రూ తీసి, బుడగలు ఆగి ఆయిల్ మాత్రమే వచ్చేదాకా కారనివ్వాలి. అది మరిచి స్టార్ట్ చేస్తే కొత్త పిస్టన్ ఎంతోసేపు నిలవదు, పట్టేస్తుంది. ఈ తలనొప్పి ఎందుకని చాలామంది మెకానిక్‌లు పంపునే పీకేసి, ఆయిల్ పెట్రోల్లో కలిపి పోసుకోమంటారు. నాకైతే ఆ పద్ధతి నచ్చదు. పంపు బాగుంటే యాక్సిలరేటర్‌ని బట్టి ఎంత కావాలో అంతే ఇస్తుంది, పొగా తగ్గుతుంది.

యెజ్డి దారి వేరు. ఐడియల్ జావా వాళ్లు మైసూరులో 1960ల మొదట్లో చెక్ దేశపు జావా బండ్లు కట్టడం మొదలుపెట్టారు, 1973 నుంచి యెజ్డి పేరుతో అమ్మారు, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అందరూ అడిగే రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. ఒకటే సిలిండర్, రెండు సైలెన్సర్లు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డవుతుంది. ఈ ఒక్క విద్య చూసి మనసు పారేసుకున్నవాళ్లు ఎంతోమంది.

ఇదీ టూ స్ట్రోకే, విప్పడం తేలికే. పరీక్షంతా మళ్లీ కట్టేటప్పుడు. గేరు రాడ్డు కదిలితే చాలు, క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు ఇందులో ఉంది. దాని అడ్జస్ట్‌మెంట్ కాస్త అటూ ఇటూ అయితే గేరు గరగరమంటుంది, లేదంటే క్లచ్ జారుతుంది. ఎవరైనా పాత యెజ్డి ఉస్తాద్ చేస్తుండగా పక్కన నిలబడి చూసి నేర్చుకోవడం ఉత్తమం.

అంతకంటే పెద్ద విషయం క్రాంక్ ఆయిల్ సీళ్లు. ఏళ్ల తరబడి మూలన నిలబడిన బండిలో వాటి రబ్బరు గట్టిపడిపోతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి క్రాంక్‌కేసు గుండానే సిలిండర్‌లోకి వెళ్తాయి కాబట్టి సీలు దగ్గర బయటి గాలి లాగితే మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కార్బొరేటర్‌ని ఎన్నిసార్లు కడిగినా ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండటం) నిలవకపోతే అనుమానం సీళ్ల మీదకే పోవాలి. ఆర్ఎక్స్‌కైనా ఇదే లెక్క. సీళ్లు, బేరింగ్‌లు దొరకవేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. పాత బేరింగ్ మీద అచ్చైన నంబర్, సీలు లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే రాణిగంజ్‌లో కొత్తవి చేతిలో పెడతారు, బండి పేరు చెప్పే పని కూడా లేదు. యెజ్డికి మాత్రమే సరిపడే సామాను కర్ణాటక వైపు నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు. 2022లో యెజ్డి పేరుతో మళ్లీ వచ్చినవి ఫోర్ స్ట్రోక్ బండ్లు, వాటి సామాను దీనికి పనికిరాదు.

ఇక బుల్లెట్. అంత బరువున్నదాన్ని ఇంట్లో చేయడమేంటని చాలామంది మొదట్లోనే కొట్టేస్తారు. 160 కిలోల పైమాటే, నిజమే. వాచ్‌మన్ సాయం పట్టకపోతే ఇంజన్ దిగదు. బాల్కనీ ఊసే ఎత్తొద్దు, సెల్లార్‌లో ఒక కారు పట్టే చోటు కావాలి. అయినా మొదటిసారి చేసేవాళ్లకి నా ఓటు దీనికే.

1955లో మద్రాసులో మొదలైన ఈ 346 సీసీ ఇంజన్, చిన్నాచితకా మార్పులతో 2010 దాకా నడిచింది. అంతకాలం ఒకే మూసలో వచ్చింది కాబట్టి జాంబాగ్, పుత్లీబౌలి దుకాణాల్లో గాస్కెట్ నుంచి పిస్టన్ దాకా అడిగిన వెంటనే దొరికే అవకాశం మిగతా రెండింటికంటే దీనికే ఎక్కువ. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ విడివిడి పెట్టెలు. గేర్లలో తంటా ఉంటే ఇంజన్ని విప్పక్కర్లేదు. ఆర్ఎక్స్‌లో, యెజ్డిలో ఆ సౌకర్యం లేదు, గేరు చూడాలంటే క్రాంక్‌కేసు రెండుగా చీల్చాల్సిందే.

పైగా ఇది చేతివేళ్లతో నేర్చుకునే ఇంజన్. ట్యాపెట్ సర్దడానికి, అంటే వాల్వుని తెరిచే పుష్‌రాడ్ దగ్గరి సందు సరిచేయడానికి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) కూడా అక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చిన చోట ఆపి, పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాలి. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఊగకూడదు. అంతే. పాయింట్ల (స్పార్క్ పుట్టించే స్విచ్చు కొనల) మధ్య ఎడం మాత్రం గేజ్‌తోనే, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

కొత్త చేతులు దెబ్బతినే చోటు కూడా చెప్పాలి. టైమింగ్ కవర్ తీస్తే క్రాంక్ చివర ఆయిల్ పంపుని తిప్పే వార్మ్ నట్ కనిపిస్తుంది. దానికి ఎడమ మరలు. మామూలు నట్ అనుకుని ఎడమకి తిప్పితే ఊడదు, ఇంకా బిగుసుకుంటుంది. గట్టిగా ఉందని పానాకి పైపు తగిలించి లాగితే క్రాంక్‌కే ఎసరు. ఇక ఆయిల్ కారడం అంటారా, ఆయిల్ కారని పాత బుల్లెట్ ఉందంటే అందులో ఆయిల్ అయిపోయిందని అర్థం అని షెడ్లలో జోకు. జాయింట్లు చదును చేసుకుంటే తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాటివ్వలేను.

మూడింటిలో ఏది తీసుకున్నా కొన్ని పనులు బయటే. సిలిండర్ బోరింగ్, క్రాంక్ ప్రెస్ చేసి కొత్త కనెక్టింగ్ రాడ్ వేయడం లేత్ షాపు పని. క్రోమ్ ప్లేటింగ్ ఇంట్లో తలపెట్టొద్దు, ఆ రసాయనాలు ఒంటికి చాలా చెడ్డవి. బాలానగర్ వైపు ప్లేటింగ్ చేసేవాళ్లకి ఇచ్చేయాలి. బోరింగ్‌కి ఇచ్చేముందు పిస్టన్ కొనుక్కుని దాంతోపాటే ఇవ్వండి. 0.25, 0.50 మిల్లీమీటర్లు అని ఓవర్‌సైజులు (మామూలు కంటే కాస్త పెద్ద పిస్టన్లు) ఉంటాయి, ఆ పిస్టన్ కొలతకే సిలిండర్ బోర్ చేయాలి. సిలిండర్ బోర్ చేయించాక పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల వ్యవహారం.

ట్యాంకు తుప్పు మాత్రం ఇంట్లో పోగొట్టవచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని తినేస్తుంది. అందుకే మూడు బండ్లకీ పెట్రోలు పైపు, కార్బొరేటర్ రబ్బర్లు కొత్తవి వేయాలి, నెలల తరబడి నిలిపే బండి అయితే ట్యాంకు ఖాళీ చేయాలి.

ఇంజన్ ఎలా ఉన్నా కాగితాలు లేని బండి వద్దు, అది బుల్లెట్టైనా సరే. ఏపీ 09, ఏపీ 10 నంబర్ల కంటే ముందటి, ఇంగ్లిష్ A అక్షరంతో మొదలయ్యే పాత సిరీస్ బండి అయితే దాని వివరాలు రవాణా శాఖ ఆన్‌లైన్‌లో ఎక్కాయో లేదో డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. చాసిస్ నంబర్ మీద మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చుని ఆర్‌సీతో పోల్చాలి. 15 ఏళ్లు దాటినవాటికి ఐదేళ్లకోసారి రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఎలాగూ ఉంటాయి. అమ్మేవాడు "వింటేజ్ కింద చేయించుకోవచ్చు" అంటే నమ్మొద్దు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటినవే వింటేజ్. అంటే మొట్టమొదటి రోడ్‌కింగ్‌కి 2028 దాకా, ఆర్ఎక్స్‌కి 2035 దాకా ఆ మాటే లేదు. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి 20,000 రూపాయలు, పైగా ఆ నంబర్‌తో రోజూ ఆఫీసుకి వెళ్లడానికి వీల్లేదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ మాత్రమే.

ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో బండి ఉన్నవాళ్లకి ఈ బేరీజు అక్కర్లేదు, ఏదుంటే అదే చేసుకోండి. బయట కొనేవాళ్లయితే సెల్లార్ ఉంటే బుల్లెట్, చోటు తక్కువగా ఉండి ఓపిక ఎక్కువుంటే యెజ్డి, చేయి తిరిగాక రెండో బండిగా ఆర్ఎక్స్. ఎండల్లో విప్పడం మొదలుపెడితే బోరింగ్, క్రోమ్ పనులు వానాకాలంలో నడుస్తాయి. పెయింట్ మాత్రం దసరా దాటి వానలు తగ్గేదాకా ఆపండి, తేమ గాలిలో కొడితే మెరుపు రాకుండా తెల్లగా మసకేస్తుంది.